సౌర కుటుంబం పాఠం అయిపోయాక: ఎంత అర్థమైందో మీకు మీరే చూసుకోవడం ఎలా

పుస్తకం చదివారో, వీడియోలు చూశారో, క్లాసులో విన్నారో, మొత్తానికి సౌర కుటుంబం పాఠం ఒకసారి పూర్తయింది. ఎనిమిది గ్రహాల పేర్లు వరసగా చెప్పగలరు, శనికి వలయాలుంటాయని తెలుసు, ప్లూటోని గ్రహాల లిస్టులోంచి తీసేశారని తెలుసు. ఇక రివిజన్ చేద్దాం అనుకోగానే చాలామంది చేసే పని మళ్ళీ మొదటి పేజీ తీసి చదవడం మొదలుపెట్టడం. అది వద్దు. రెండోసారి చదువుతుంటే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది, అలా తెలిసినట్టు ఉండటాన్నే మనం వచ్చేసింది అనుకుంటాం. ఈ పాఠంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇందులో పేర్లూ అంకెలూ దండిగా ఉంటాయి, వాటిని గడగడా అప్పజెప్పేస్తే అంతా అర్థమైపోయినట్టే అనిపిస్తుంది.

నన్నడిగితే ఇక్కడ అసలు ప్రశ్నలు రెండే. ఇది ఇలా ఎందుకుంది? ఇలా ఉందని మనుషులకు ఎలా తెలిసింది? కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే. ఒక్కరోజులో అన్నీ అవ్వవు, అవ్వాల్సిన పనీ లేదు. నాలుగు తెల్ల కాగితాలు, రెండు రంగుల పెన్నులు, ఒక కాలిక్యులేటర్, ఒక బంతి, ఒక బల్బు, నడవడానికి కాస్త పొడవైన దారి ఉంటే చాలు.

ముందు పుస్తకం మూసేసి బొమ్మ గీయండి

తెల్ల కాగితం మీద సౌర కుటుంబం మొత్తాన్ని గుర్తున్నంత మేరకు గీయండి. సూర్యుడు, గ్రహాలు, ఉపగ్రహాలు, మధ్యలో ఉండేవి, చివర్లో ఉండేవి, ఏది గుర్తొస్తే అది. ప్రతిదాని పక్కన రెండు ముక్కలు రాయండి: అది దేనితో తయారైంది, మిగతావాటికి లేనిది దానికేముంది. గుర్తురాకపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్ళండి, మధ్యలో ఫోన్ తీసి చూడొద్దు. కాసేపు తన్నుకులాడితే తప్ప గుర్తురానివి కొన్ని ఉంటాయి, ఆ తన్నుకులాటే వాటిని గట్టిగా నిలబెడుతుంది.

ఇక రాయడానికేమీ లేదు అనిపించాక అప్పుడు పుస్తకం తెరిచి, రెండో రంగు పెన్నుతో దిద్దుకోండి. రంగు మార్చమనడానికి కారణం ఉంది, వారం తర్వాత చూసినా ఏది మీకు వచ్చింది, ఏది పుస్తకం నుంచి వచ్చింది అనేది కాగితం మీదే కనిపిస్తుంది.

దిద్దేటప్పుడు కొన్ని చోట్ల కాస్త ఆగి చూడండి. నెప్ట్యూన్ తర్వాత కాగితం ఖాళీగా వదిలేశారా? అక్కడ కైపర్ బెల్ట్ ఉంది, ప్లూటో లాంటి మంచు గోళాలు వేలకొద్దీ ఉన్నాయి. వలయాలు ఒక్క శనికే గీశారా? నాలుగు పెద్ద గ్రహాలకూ వలయాలున్నాయి. యురేనస్ వలయాలు 1977లో బయటపడ్డాయి, గురుడివి 1979లో వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక చూసింది, నెప్ట్యూన్‌వి 1989లో వాయేజర్ 2 వెళ్ళినప్పుడు ఖాయమయ్యాయి. శనివి మాత్రం ఎక్కువగా మంచు ముక్కలు కాబట్టి వెలుగును బాగా తిప్పికొడతాయి, అందుకే చిన్న టెలిస్కోపుకు కూడా దొరుకుతాయి. సూర్యుణ్ణి గురుడికంటే కొంచెం పెద్దగా గీసి ఊరుకున్నారా? మొత్తం సౌర కుటుంబం బరువులో 99.8 శాతం పైగా సూర్యుడిదే. మిగిలిన ఆ కాస్తలో కూడా పెద్ద వాటా గురుడిది.

తప్పుల్ని మూడు కుప్పలు చేయండి

ఒక కుప్ప మర్చిపోయినవి. రెండోది అసలెప్పుడూ నేర్చుకోనివి. మూడోది తప్పుగా తెలిసినవి. మొదటి రెండింటికీ ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. మూడోదే అసలు సమస్య, ఎందుకంటే అక్కడ మీకు అనుమానం రాదు, అనుమానం రాని చోట ఎవరూ వెతకరు. అందుకని మీ బొమ్మలో తప్పు దొరకకపోయినా సరే, ఈ నాలుగు విషయాలనూ ఒకసారి పరీక్షించుకోండి.

మొదటిది రుతువులు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది, చలికాలంలో దూరం జరుగుతుంది అని మనసులో ఎక్కడో ఉంటే, ఈ లెక్క చూడండి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే ఉత్తరార్ధగోళం చలికి వణికే రోజుల్లోనే భూమి సూర్యుడికి దగ్గరగా ఉంది! పైగా అదే జనవరిలో దక్షిణార్ధగోళంలో ఎండాకాలం. దూరమే కారణమైతే రెండు చోట్లా ఒకేసారి ఎండలు కాయాలి కదా. అసలు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం.

ఈ మాట నోటితో చెప్పడం తేలిక, కానీ బంతితో చేసి చూస్తే తప్ప కుదురుకోదు. గది చీకటి చేసి మధ్యలో బల్బు పెట్టండి. బంతికి పుల్ల గుచ్చి, పుల్ల పైకొనను కాస్త వాల్చి, ఏదో ఒక గోడ వైపు చూపించేలా పట్టుకోండి. ఇప్పుడు బల్బు చుట్టూ తిరగండి. జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే: తిరుగుతున్నకొద్దీ తెలియకుండానే పుల్ల కొనను బల్బు వైపు తిప్పేస్తుంటాం. అలా తిప్పితే ఏడాది పొడవునా ఒకే రుతువు. పుల్ల కొన మొదట్నుంచీ చివరిదాకా అదే గోడను చూడాలి. అలా ఉంచి తిరిగితే ఒక వైపు ఉన్నప్పుడు బంతి పైభాగం మీద వెలుగు నిటారుగా పడుతుంది, సరిగ్గా ఎదురు వైపుకి వెళ్ళాక కిందిభాగం మీద పడుతుంది. బంతి పైభాగంలో పెన్నుతో ఒక చుక్క పెట్టి అక్కడ బంతిని చుట్టూ తిప్పితే, ఆ చుక్క ఎంతసేపు వెలుగులో ఉంటోంది, ఎంతసేపు నీడలో ఉంటోంది అనేది కూడా తెలుస్తుంది. వేసవిలో పగలు ఎందుకు పొడవో అడగకుండానే జవాబొచ్చేస్తుంది.

రెండోది చంద్రకళలు. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా చంద్రుడు పెరగడం, మళ్ళీ తరగడం భూమి నీడ వల్ల అనుకునేవాళ్ళు చాలామంది. భూమి నీడ పడేది చంద్రగ్రహణం నాడు మాత్రమే. అదే బంతిని, అదే బల్బును వాడండి. ఈసారి మీ తలే భూమి. బంతిని చేయి చాచి, తలకంటే కాస్త ఎత్తులో పట్టుకుని, మెల్లగా ఎడమ వైపుకి తిరుగుతూ బంతి మీద వెలుగు పడిన భాగం ఎంత కనిపిస్తోందో చూడండి. బంతిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది, మీకు అందులో ఎంత కనబడుతుంది అన్నదే మారుతుంది. బల్బుకి వీపు పెట్టినప్పుడు పౌర్ణమి. అప్పుడు బంతిని తల ఎత్తుకి దించితే మీ తల నీడ దాని మీద పడుతుంది, అది గ్రహణం. ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదంటే చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది, అందుకే చాలాసార్లు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో వెళ్ళిపోతాడు.

మూడోది, సూర్యుడికి అతి దగ్గర కాబట్టి బుధుడే అన్నిటికంటే వేడి అనుకోవడం. బుధుడి మీద పగలు 430 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది నిజమే, రాత్రి మాత్రం మైనస్ 180కి పడిపోతుంది, వేడిని పట్టి ఉంచడానికి అక్కడ వాతావరణం అన్నదే దాదాపు లేదు. శుక్రుడి మీద రాత్రీ పగలూ తేడా లేకుండా 465 డిగ్రీల దాకా ఉంటుంది. వాతావరణంలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్, పీడనం భూమి మీదకంటే 90 రెట్లకు పైగా. ఇంకో సంగతి, శుక్రుడి మబ్బులు తమ మీద పడే సూర్యకాంతిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తాయి, అయినా అంత వేడి. దూరం ఒక్కటే చూస్తే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

నాలుగోది అంగారకుడికీ గురుడికీ మధ్య ఉండే గ్రహశకలాల పట్టీ. బొమ్మల్లో రాళ్ళు రాళ్ళు ఒరుసుకుంటూ ఉన్నట్టు చూపిస్తారు. ఆ రాళ్ళన్నిటి బరువూ కలిపితే మన చంద్రుడి బరువులో సుమారు 3 శాతం, అది కూడా అంత పెద్ద ప్రాంతంలో చెదిరి ఉంది. 1972లో బయల్దేరిన పయనీర్ 10 నౌక ఆ పట్టీని క్షేమంగా దాటేసింది, ఆ తర్వాత వెళ్ళినవీ అలాగే దాటాయి.

ఇప్పుడు దూరాల్ని కాళ్ళతో కొలవండి

పుస్తకంలో ఏ బొమ్మా దూరాలను సరిగా చూపించదు, చూపించలేదు కూడా, కాగితం చాలదు. అందుకని ఈ పని బయట చేయాలి. 1 సెంటీమీటరు అంటే 1 లక్ష కిలోమీటర్లు అనుకోండి. ఈ లెక్కన సూర్యుడు 14 సెంటీమీటర్ల బంతి. దాన్ని ఒక చోట పెట్టి నడక మొదలుపెట్టండి. దాదాపు 6 మీటర్ల దగ్గర బుధుడు, అర మిల్లీమీటరు చుక్క. 11 మీటర్ల దగ్గర శుక్రుడు. 15 మీటర్ల దగ్గర భూమి, 1.3 మిల్లీమీటర్లు, అంటే ఓ ఆవగింజంత. చంద్రుడు ఆ ఆవగింజకు 4 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ దూరంలో ఉంటాడు, మనుషులు ఇప్పటిదాకా స్వయంగా వెళ్ళింది ఆ బొటనవేలంత దూరమే. 23 మీటర్ల దగ్గర అంగారకుడు.

ఇక్కడిదాకా తొందరగానే వచ్చేస్తారు. ఇక్కణ్ణుంచి గురుడి కోసం నడవాలి, 78 మీటర్ల దాకా ఇంకో గ్రహం లేదు, చిన్న గోళీ అంత గురుడు అక్కడ ఉంటాడు. శని 143 మీటర్లు. యురేనస్ 287. నెప్ట్యూన్ 450. అంత దూరం వెళ్ళే వీలు లేకపోతే గురుడి దాకా అయినా వెళ్ళి, అక్కడ నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి ఆ బంతి కేసి చూడండి.

ఈ కొలతలో ఇంకో అందం ఉంది. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కదా, మన కొలతలో అది సెకనుకు 3 సెంటీమీటర్లు. బంతి దగ్గర నేల మీద వేలు పెట్టి, సెకనుకు 3 సెంటీమీటర్ల చొప్పున జరపండి. ఎంత నెమ్మదో చూశారా! విశ్వంలో అన్నిటికంటే వేగంగా పోయేది సూర్యుడి నుంచి ఆవగింజ దాకా అలా పాకడానికి 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. నెప్ట్యూన్ దాకా అయితే 4 గంటలు దాటుతుంది. దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని ఇదే కొలతలో పెట్టాలంటే సుమారు 4,000 కిలోమీటర్ల అవతల పెట్టాలి. ఈ ఒక్క పని చేశాక దూరాల పట్టికను మళ్ళీ చదవండి, అవే అంకెలు ఈసారి వేరేగా తగులుతాయి.

అంకెల్ని బట్టీ పట్టకండి, రాబట్టండి

ఎనిమిది గ్రహాల దూరాలు, ఎనిమిది గ్రహాల సంవత్సరాలు అని పదహారు అంకెలు బట్టీ పట్టేవాళ్ళున్నారు. సగం అనవసరం. సూర్యుడికి భూమికి మధ్య దూరాన్ని 1 అనుకుంటే, ఏ గ్రహమైనా దాని దూరాన్ని అదే దూరంతో గుణించి, మళ్ళీ అదే దూరంతో గుణించి, వచ్చినదానికి వర్గమూలం తీస్తే అది సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఎన్ని భూసంవత్సరాలు పడుతుందో వచ్చేస్తుంది. కెప్లర్ మూడో నియమం ఇదే. గురుడి దూరం 5.2. 5.2ను 5.2తో, మళ్ళీ 5.2తో గుణిస్తే 140.6. వర్గమూలం 11.86. గురుడి సంవత్సరం నిజంగానే 11.86 ఏళ్ళు! అంగారకుడి దూరం 1.524, అదే లెక్క చేస్తే 1.88 ఏళ్ళు, అంటే 687 రోజులు. శని, నెప్ట్యూన్ మీరే చేసి చూసుకోండి. దూరాలు గుర్తుంటే సంవత్సరాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పైగా దూరం పెరిగేకొద్దీ చుట్టాల్సిన దారి పెరగడమే కాక గ్రహం నడక కూడా నెమ్మదిస్తుందని మీ చేతి లెక్కలోనే బయటపడుతుంది.

ఉపగ్రహాల సంఖ్యలైతే అసలు పట్టించుకోవద్దు. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలను గుర్తించడంతో శని లెక్క 274కి చేరింది, ఇంకా మారుతుంది. దానికి బదులు నాలుగైదు ఉపగ్రహాలను బాగా తెలుసుకోండి. శని ఉపగ్రహం టైటాన్‌కి దట్టమైన వాతావరణం, మీథేన్ సరస్సులు ఉన్నాయి, 2005 జనవరిలో హైగెన్స్ నౌక అక్కడ దిగింది. గురుడి ఉపగ్రహం గనిమీడ్ బుధుడికంటే పెద్దది. శని ఇంకో ఉపగ్రహం ఎన్‌సెలాడస్ దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్ళలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు చిమ్ముతుండటం కసీనీ నౌక చూసింది. ఇలాంటివి గుర్తుంటాయి, 274 గుర్తుండదు.

ప్రతి విషయం పక్కనా "ఎలా తెలిసింది?" అని రాయండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది, రివిజన్లో దాదాపు ఎవరూ చేయనిదీ ఇదే. మొదట గీసిన బొమ్మ తీసి, అందులో మీరు రాసిన ఏవైనా పది విషయాల పక్కన ఈ ప్రశ్న రాసుకోండి. జవాబు తెలియనివాటిని వెతకండి. ఒక్కో జవాబు వెనకా ఒక కథ ఉంటుంది, ఆ కథ తెలిస్తే విషయం ఇక మర్చిపోరు.

నెప్ట్యూన్ ఉందని ఎలా తెలిసింది? 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుక్కున్నాక దాని దారిని లెక్కగట్టారు, కానీ అది లెక్క ప్రకారం నడవలేదు. బయట ఇంకేదో దాన్ని లాగుతోందని అనుమానం వచ్చింది. ఫ్రాన్స్‌లో లె వెరియే అనే ఖగోళ శాస్త్రవేత్త కాగితం మీద లెక్కవేసి, కొత్త గ్రహం ఆకాశంలో ఎక్కడ ఉండాలో బెర్లిన్ అబ్జర్వేటరీలో ఉన్న గాలెకి ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23న ఆ ఉత్తరం అందిన రాత్రే గాలె, ఆయన సహాయకుడు డారెస్ట్ టెలిస్కోపు అటు తిప్పారు, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే గ్రహం దొరికింది. ఇంగ్లండ్‌లో ఆడమ్స్ కూడా విడిగా ఇలాంటి లెక్కే చేశాడు. ఒక గ్రహం కంటికి కనబడకముందే కాగితం మీద దొరికింది అంటే గురుత్వాకర్షణ నియమం ఎంత గట్టిదో ఆలోచించండి.

కాంతికి వేగం ఉందని ఎలా తెలిసింది? 1676లో రోమర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గురుడి ఉపగ్రహం అయో గ్రహణాలను గమనిస్తూ, భూమి గురుడికి దూరంగా ఉన్న రోజుల్లో అవి ఆలస్యంగా, దగ్గరగా ఉన్న రోజుల్లో ముందుగా కనబడటం చూసి, ఆ తేడా కాంతి నడిచి రావడానికి పట్టే సమయమని పట్టుకున్నాడు. సౌర కుటుంబం వయసు ఎలా తెలిసింది? 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కాశకలాల్లోని సీసం ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) కొలిచి సుమారు 455 కోట్ల సంవత్సరాలు అని తేల్చాడు, ఇప్పటి లెక్కా దాదాపు అదే. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని ఎలా తెలిసింది? 1969లో అపోలో 11 మొదలుకొని చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల మీదకు లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలిచి.

ఇదే ఊపులో ప్లూటో సంగతి కూడా తేల్చుకోండి. "2006లో తీసేశారు" దగ్గర ఆగిపోవద్దు. 1801లో పియాజీ సీరిస్‌ను కనుక్కున్నప్పుడు దాన్నీ గ్రహమే అన్నారు. ఆ తర్వాత అదే ప్రాంతంలో పల్లాస్, జూనో, వెస్టా, ఇంకా ఇంకా దొరుకుతుంటే కొన్ని దశాబ్దాలకు అన్నిటినీ కలిపి గ్రహశకలాలు అన్నారు. ప్లూటోకీ అదే జరిగింది. 1930లో టాంబో కనుక్కున్నాడు, 1992 నుంచి ఆ చుట్టుపక్కల ఇంకా మంచు గోళాలు దొరకడం మొదలైంది, 2005లో బయటపడిన ఎరిస్ ప్లూటోకంటే బరువైనదని తర్వాత తేలింది. అప్పుడు మిగిలిన దారులు రెండు: గ్రహాల లిస్టు పెంచుకుంటూ పోవడం, లేదా గ్రహం అంటే ఏమిటో తేల్చి చెప్పడం. 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య మూడు షరతులు పెట్టింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వాకర్షణతో గుండ్రంగా మారేంత బరువుండాలి, తన కక్ష్య చుట్టుపక్కలనుంచి మిగతా వస్తువులను ఊడ్చేసి ఉండాలి. ప్లూటో మూడోదాంట్లో ఆగిపోయి మరుగుజ్జు గ్రహం అయింది. మీరు ఒక కాగితం మీద ఎడమ పక్క "ప్లూటో గ్రహమే" అని, కుడి పక్క "కాదు" అని రాసి రెండు వైపులా వాదించండి. 2015లో న్యూ హొరైజన్స్ నౌక తీసిన ఫొటోల్లో కనిపించిన నైట్రోజన్ మంచు మైదానాలను, పర్వతాలను ఎడమ పక్క వాదనలో వాడుకోవచ్చు. మీరు ఏ పక్క తేలినా పర్వాలేదు, రెండో పక్క వాదనను కూడా న్యాయంగా రాయగలిగారా అన్నదే చూసుకోండి.

మొత్తాన్ని ఒక కథగా చెప్పి చూడండి

ఇప్పటిదాకా ముక్కలు ముక్కలుగా చూశారు. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి, ఎవరూ లేకపోతే ఫోన్లో వాయిస్ రికార్డ్ చేసుకోండి, సౌర కుటుంబం ఎలా పుట్టిందో ఐదు నిమిషాల్లో చెప్పండి. మీ కథలో ఈ మూడింటికి జవాబు రావాలి: గ్రహాలన్నీ దాదాపు ఒకే తలంలో, ఒకే దిశలో ఎందుకు తిరుగుతున్నాయి? లోపలివి నాలుగూ చిన్నవిగా రాళ్ళతో, బయటివి నాలుగూ భారీగా ఎందుకున్నాయి? మిగిలిపోయిన సరుకు ఎక్కడుంది?

చెప్పాల్సిన దారి క్లుప్తంగా ఇది. వాయువూ ధూళీ ఉన్న పెద్ద మేఘం తన బరువుకి తనే కుంగుతూ, తిరుగుతూ పళ్ళెంలా చదునైంది, మధ్యలో సూర్యుడు, పళ్ళెంలో గ్రహాలు. అందుకే ఒకే తలం, ఒకే దిశ. సూర్యుడి దగ్గర వేడికి లోహాలు, రాయి మాత్రమే గట్టిపడగలిగాయి, అవి మొత్తం సరుకులో చాలా తక్కువ కాబట్టి అక్కడి గ్రహాలు చిన్నవే అయ్యాయి. దూరంగా చలిలో నీరు కూడా మంచై గడ్డకట్టింది, గడ్డలు పెద్దవై హైడ్రోజన్, హీలియంలను లాక్కున్నాయి, గురుడూ శనీ అలా పెరిగారు. మిగిలిన సరుకు గ్రహశకలాలుగా, తోకచుక్కలుగా, కైపర్ బెల్ట్‌గా ఉండిపోయింది.

మీరు చెబుతున్నప్పుడు ఎక్కడ "అంటే... అదీ..." అని నసిగారో అక్కడ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ చదవాల్సింది ఆ ముక్కే, మొత్తం పాఠం కాదు. కథకు లొంగనివాటిని కూడా వదిలేయొద్దు. శుక్రుడు తన చుట్టూ తాను మిగతావాటికి ఎదురు దిశలో తిరుగుతాడు, అది కూడా ఒక చుట్టుకు 243 రోజులు పట్టేంత నెమ్మదిగా, సూర్యుణ్ణి చుట్టి రావడానికేమో 225 రోజులే. యురేనస్ 98 డిగ్రీలు వాలి, దాదాపు పక్కకి పడుకుని దొర్లుతున్నట్టు తిరుగుతుంది. పుట్టిన కొత్తలో ఏదో పెద్ద గోళం గుద్దుకోవడం వల్ల అలా అయిందన్నది బాగా వినబడే వివరణ, ఇంకా తేలిపోయిన విషయమైతే కాదు. ఇలాంటివాటిని "తేలనివి" అని విడిగా రాసుకోండి, ఆ లిస్టు ఉండటం మంచిదే.

ఆకాశంతో సరిచూసుకోండి

చదివిందంతా బయట ఉంది కాబట్టి ఒకసారి బయటికెళ్ళండి. అమావాస్య దాటిన రెండు మూడు రోజుల నుంచి పౌర్ణమి దాకా, రోజూ ఒకే సమయానికి ఒకే చోట నిలబడి చంద్రుడు ఎక్కడున్నాడో, ఎంత ఉన్నాడో గీసుకోండి. రోజురోజుకీ తూర్పుకి జరుగుతూ ఉంటాడు, అందుకే ప్రతిరోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. సగం చంద్రుడు కనబడిన సాయంత్రం, సూర్యుడు అస్తమిస్తున్న వైపుకి ఒక చేయి, చంద్రుడి వైపుకి ఇంకో చేయి చాపి చూడండి, రెండు చేతుల మధ్యా దాదాపు లంబకోణం వస్తుంది. బల్బు, బంతి ప్రయోగం ఇక్కడ మీ ముందు నిలబడి ఉంది.

శుక్రుడు కనిపించే కాలమైతే, అర్ధరాత్రి నడినెత్తిన ఎందుకు కనిపించడో ముందు కాగితం మీద కక్ష్యలు గీసి జవాబు రాయండి. మన కక్ష్యకు లోపల తిరిగేది కాబట్టి సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరంగా కనబడే వీలు లేదు, ఒకటైతే తెల్లవారుజామున వేగుచుక్కగా, లేకపోతే సాయంత్రం పడమట. గురుడు కనబడే రోజుల్లో మామూలు బైనాక్యులర్‌ని కదలకుండా దేనికైనా ఆనించి చూస్తే పక్కన వరసగా రెండో మూడో నాలుగో చుక్కలు కనబడతాయి. గీసుకోండి. మర్నాడు మళ్ళీ గీయండి, చుక్కల చోట్లు మారి ఉంటాయి. 1610లో గెలీలియో చూసింది ఇదే, ఆకాశంలో ప్రతిదీ భూమి చుట్టూనే తిరగడం లేదని తేల్చిన సాక్ష్యాల్లో ఒకటి. ఒక్క హెచ్చరిక: బైనాక్యులర్‌తోగానీ టెలిస్కోపుతోగానీ సూర్యుడి వైపు పొరపాటున కూడా చూడొద్దు, ఒక్క క్షణంలో కన్ను పోతుంది.

చివరగా రాసుకోవాల్సిన పేజీ

ఇవన్నీ అయ్యాక ఒక పేజీ తీసుకుని మూడు విషయాలు రాయండి. నేను ఇంతకుముందు ఏమనుకునేవాణ్ణి లేదా అనుకునేదాన్ని, ఇప్పుడేమనుకుంటున్నాను, ఏ ఆధారం చూసి మారాను. ఉదాహరణకు "వేడికి దూరమే కారణం అనుకున్నాను, శుక్రుణ్ణి చూశాక వాతావరణం దూరాన్ని కూడా దాటేయగలదని అర్థమైంది" అన్నట్టు. "చాలా కొత్త విషయాలు నేర్చుకున్నాను" లాంటి వాక్యాలు రాయొద్దు, అవి ఏ పాఠానికైనా అతుకుతాయి. ఇంకా అర్థంకానివి కూడా ఇదే పేజీలో కింద రాయండి, ప్రశ్న రూపంలోనే రాయండి. "యురేనస్ అర్థంకాలేదు" అని రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "యురేనస్‌కంటే నెప్ట్యూన్ సూర్యుడికి అంత దూరంలో ఉన్నా రెండూ దాదాపు ఒకే చల్లదనంతో ఎందుకున్నాయి?" అని రాస్తే వెతకడానికి దారి దొరుకుతుంది, నెప్ట్యూన్ లోపలినుంచి వచ్చే వేడి గురించి చదవాలని తెలుస్తుంది.

పేజీ మీద తేదీ వేసి, మొదటి రోజు గీసిన బొమ్మతో కలిపి పెట్టండి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి, పుస్తకం మూసి కొత్త కాగితం మీద మళ్ళీ గీయండి. పాత బొమ్మను పక్కన పెట్టుకుని పోల్చేటప్పుడు రెండో రంగు ఎక్కడ తగ్గిందో చూడండి, అదే చోట రెండుసార్లు రెండో రంగు పడితే ఆ విషయానికి మళ్ళీ చదవడం సరిపోదు, బంతో లెక్కో నడకో ఏదో ఒకటి చేయాల్సిందే.